తిథిని బట్టి పండుగ, కార్తెను బట్టి పని

గ్రామ పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పంచాంగ మెరుగని గ్రామము లేదు. ఉగాదినాడు రామాలయము వద్ద పంచాంగ శ్రవణము జరుగును. నాగుల చవితి ఎప్పుడు, సంక్రాంతి ఎప్పుడు, ఊరి అమ్మవారి పండుగ ఎప్పుడు అని అడిగినచో బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని, “చెరువు పూడికతీత ఏనాటికి ముగియవలెను?” అని పంచాయతీ సభ్యుల నడిగినచో, “పండుగ వెళ్ళిన పిమ్మట చూచెదము” అను సమాధానము తరచుగా వినవచ్చును. ఈ ఒక్క మాట వలన గ్రామమునకు ఎట్టి నష్టము కలుగునో, దానిని ఎట్లు తప్పించుకొనవచ్చునో ఈ పాఠమున విచారింతము.

రెండు లెక్కలు

మన పండుగలలో అధిక భాగము చంద్రుని లెక్క ననుసరించి వచ్చును. పాడ్యమి మొదలు అమావాస్య వరకు గల తిథులే వీనికి ఆధారము. పండ్రెండు చాంద్రమాసములు కలిసి సుమారు 354 దినములగును. సూర్యుని లెక్కన సంవత్సరమునకు 365 దినములు. ఈ పదునొకండు దినముల తేడా వలన పండుగలు ఏటేట ముందునకు జరుగుచుండును. రెండు మూడేండ్ల కొకసారి అధిక మాసము రాగానే మరల వెనుకకు పోవును. 2023లో ఉగాది మార్చి 22న వచ్చెను. 2024లో ఏప్రిల్ 9న వచ్చెను. 2025లో మార్చి 30న వచ్చెను. మూడేండ్లలో ఒకే పండుగ రెండున్నర వారముల మేర అటునిటు జరిగినది.

కార్తెల లెక్క ఇట్టిది కాదు. అది సూర్యుని లెక్క. ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్కదానియందు సూర్యుడు పదమూడు, పదునాలుగు దినము లుండును. మృగశిర ఏ యేటనైనను జూన్ 7, 8 తేదీలలో వచ్చును. ఆరుద్ర జూన్ 21, 22 తేదీలలోను, చిత్త అక్టోబరు 10, 11 తేదీలలోను వచ్చును. వానలు, ఎండలు, గాలులు సూర్యుని గతి ననుసరించునవి. అందుచేతనే మన పెద్దలు తిథిని చూచి పండుగ చేసికొనిరి; కార్తెను చూచి విత్తనము చల్లిరి.

ఈ రెండు లెక్కలును మన అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమున ఒక్కచోటనే కాననగును. మార్చి రెండవ వారపు ఆరంభమునను, అక్టోబరు మొదటి దినములలోను ఉదయకిరణములు స్వామి మూలవిరాట్టును తాకును. అది సూర్యుని లెక్క గనుక తేదీలు మారవు. ఆ స్వామికే జరుగు రథసప్తమి ఉత్సవము మాఘ శుద్ధ సప్తమి తిథిని బట్టి వచ్చును. కావున 2025లో ఫిబ్రవరి 4, 2026లో జనవరి 25 అయినది.

హిమాలయముల నంటియున్న నేపాల దేశమునను ఇట్టి రెండు లెక్కలు కలవు. అచ్చట విక్రమ సంవత్సరమే ప్రభుత్వ వ్యవహారమున నున్నది. అది ఏప్రిల్ నడుమ వైశాఖము మొదటి దినమున ఆరంభమగును. మాసములు సూర్యుని లెక్కవి. మన ఇచ్ఛాపురము ప్రాంతపు ఒడియా కుటుంబములు పణా సంక్రాంతి జరుపుకొనుటయు ఆ దినములలోనే. నేపాలీయుల దశైం, తిహార్ పండుగలు మన దసరా, దీపావళుల కాలమున తిథులను బట్టి జరుగును. వరి నాట్ల దినమును మాత్రము వారు చంద్రునకు విడువలేదు. ఆషాఢము పదునైదవ దినమని సూర్యుని లెక్కన స్థిరపరచుకొనిరి. ఆనాడు బురదమడులలో నాట్లు వేసి, పెరుగు, అటుకులు భుజింతురు. అది ప్రతి యేట జూన్ నెలాఖరుననే వచ్చును.

మన ఏరువాక పున్నమి చాంద్రమాన జ్యేష్ఠ పూర్ణిమ. 2025లో అది జూన్ 11వ తేదీ. 2026లో అధిక జ్యేష్ఠము కారణముగా జూన్ 29వ తేదీ. మృగశిర రెండేండ్లలోను ఒక్కటే. అనగా, “ఏరువాకనాటికి చెరువు సిద్ధము చేయుదము” అనుకొన్న పంచాయతీకి ఒక యేట మృగశిర ప్రవేశించిన మూడు నాలుగు దినములకు గడువు ముగియును. మరుసటి యేట మూడు వారములకు ముగియును. వాన మాత్రము మనకొరకు మూడు వారములు ఆగదు.

ఈ చిక్కును దేశమును గుర్తించినది. 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము మేఘనాథ సాహా గారి అధ్యక్షతన దేశమునగల సుమారు ముప్పది పంచాంగములను పరిశీలించినది. ఆ సంఘపు సలహాపై 1957 మార్చి 22 నుండి సూర్యుని లెక్కతో కూడిన జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. పండుగలను మాత్రము ప్రజలు తమ తమ తిథుల ప్రకారమే జరుపుకొనుచున్నారు. అది యుక్తమే. పండుగను మార్చుమని మేము చెప్పబోవుట లేదు. పనిని పండుగకు కట్టివేయవలదని మాత్రమే మా మనవి.

ఇక సంవత్సరము పొడుగున గ్రామజీవనము ఎట్లు సాగునో, పంచాయతీ ఏ ఋతువున ఏమి చేయవలెనో వరుసగా చూతము.

చైత్ర, వైశాఖములు

ఇవి ఎండల మాసములు. రైతుకూలీలు వేకువనే చోడి అంబలి త్రాగి పనికి పోయి, ఎండ ముదరకముందే ఇల్లు చేరుదురు. శ్రీరామనవమికి రామతీర్థమున కల్యాణము జరుగును. తీర గ్రామములలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలకు చేపలవేట నిషేధము. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. గ్రామదేవతల పండుగలును ఎక్కువగా ఈ మాసములలోనే. కొన్ని ఊళ్ళలో ఏటేట, కొన్నింట మూడేండ్లకో ఐదేండ్లకో ఒకసారి జరుగును. ఆడపడుచులు, అల్లుండ్రు, దూరదేశములందు పనిచేయువారు అందరును ఊరు చేరుదురు. తప్పెటగుళ్ళు మ్రోగును. ఊరంతయు ఒక్క కుటుంబమగును.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. నూతులలో నీరు అడుగంటిన దినములలోనే ఊరి జనము రెట్టింపగుచున్నది. ఒక నూతి వద్ద వాంతులు, విరేచనములు పుట్టినచో బంధువులు తమ తమ ఊళ్ళకు ఆ వ్యాధిని గొనిపోవుదురు. కావున పండుగకు పదునైదు దినములు ముందుగా చేతిపంపులను బాగుచేయించుట, మంచినీటి ట్యాంకును కడిగించి బ్లీచింగు పొడి కలిపించుట, మురుగు తీయించుట, వేటలు కోయు తావును నూతులకు దూరముగా ఏర్పరచుట పంచాయతీ విధులు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో త్రాగునీరు, పారిశుద్ధ్యము, చిన్ననీటి పారుదల, సంతలు, తిరునాళ్ళు అన్నియు కలవు. తిరునాళ్ళు ఆలయకమిటీ పని మాత్రమే అనుకొనుట పొరపాటు.

చెరువు పని చేయదగిన కాలమును ఇదియే. నేల ఎండియుండును, ఉపాధి పనులకు జనము లభింతురు. పూడిక తీసిన మట్టి మెట్టపొలములకు ఎరువగును. పూడికతీత, మదుము మరమ్మతు, గట్టుపై తుప్పలు కొట్టుట, కళింగు సరిచేయుట, పంటకాలువల బాగు — ఇవి అన్నియు రోహిణి కార్తె నడుమకు, అనగా మే నెలాఖరుకు ముగియవలెను.

ఇచ్చట ఒక గ్రామమును మనసున ఊహించుకొందము. అమ్మవారి పండుగ మే మొదటి వారమున వచ్చినది. చెరువు పని పండుగకు ముందు ఆరంభింపలేదు. పండుగ వెళ్ళినది, అలసట తీరుటకు పదిదినములు పట్టినది, పని జూన్ మొదటి దినమున మొదలైనది. మృగశిరలో రెండు పెద్దవానలు కురిసి గుంతలన్నియు నిండినవి. పని ఆగినది, మదుము తలుపు బిగింపనేలేదు. ఆషాఢమున వచ్చిన నీరు మదుముగుండ గెడ్డలోనికి పోయినది. ఇందు ఎవరు నష్టపోయిరి? ముందుగా కూలీలు, వేసవిలో ఊరిలో దొరకవలసిన పనిదినములు పోయినవి. పిమ్మట చెరువు క్రింది రైతులు. ఆపైన ఊరంతయును, ఏలయన ఒక్క నెల ఆలస్యము రెండు పంటలను ఎట్లు దెబ్బతీయునో ముందు చూతురు.

జ్యేష్ఠ, ఆషాఢములు

మన జిల్లాలలో జూన్ రెండవ వారము నాటికి నైరుతి ఋతుపవనములు సాధారణముగా ప్రవేశించును. రైతులు ఏరువాకకు ఎడ్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నాగలికి పూజచేసి తొలిచాలు దున్నుదురు. ట్రాక్టరు గలవారు దానికే బొట్టు పెట్టుదురు. ఆకుమడులు పోయుట మృగశిర, ఆరుద్రలలోను, ఉభాలు పునర్వసు, పుష్యమి కార్తెలలోను జరుగును. ఉభాల దినములలో స్త్రీలు వేకువ నుండి సాయంకాలము వరకు నడుము వంచి బురదలో పనిచేయుదురు. ఆ దినములలో గ్రామసభను పగటివేళ పెట్టినచో వారు రాలేరు. సభను సాయంకాలము పెట్టుటయో, ఉభాలకు ముందే జరుపుటయో మేలు.

స్వర్ణ, శ్రీకాకుళం సన్నాలు వంటి దీర్ఘకాలిక వరి రకములు సుమారు ఐదు మాసములు పొలమున నుండును. రెండవది మన రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానము నుండి వచ్చిన రకము. జూన్‌లో నారుపోసిన చేను నవంబరులో కోతకు వచ్చును. చెరువు నిండక నారుపోత జూలైకి జరిగినచో కోత డిసెంబరులో పడును. అప్పుడు వరి కోసిన మడిలో తేమ ఆరిపోయి, దానిపై చల్లవలసిన మినుము, పెసరలు సరిగా మొలవవు. ఒక్క నెల ఆలస్యమునకు రెండు పంటలు దెబ్బతినుట యనగా ఇదియే.

శ్రావణ, భాద్రపదములు

శ్రావణ శుక్రవారములు, పోలాల అమావాస్య, వినాయక చవితి ఈ మాసములవి. పోలాల అమావాస్య పిమ్మట కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి ఉత్సవము జరుగును. వానలు ముమ్మరముగా కురియును. వంశధార, నాగావళులు ఒడిసా కొండలలో పుట్టి మన జిల్లాలలోనికి వచ్చును గాన, మనయూర వాన లేని దినమునను వరద రావచ్చును. ఏటి ఒడ్డు గ్రామములు ఎగువ వార్తలను కనిపెట్టి యుండవలెను.

ఇంటి చుట్టును నిలిచిన నీటిలో దోమలు పెరుగును. కొండదిగువ గ్రామములలో మలేరియా, పట్టణములకు చేరువ గ్రామములలో డెంగీ ఈ దినములలో విజృంభించును. వారమున కొకదినము ప్రతి గృహస్థుడు నీటితొట్లను, పాత టైర్లను, కొబ్బరిచిప్పలను బోర్లించునట్లు చేయవలెను. వినాయక విగ్రహములను మంచినీటి చెరువున గాక వేరొక బందలో నిమజ్జనము చేయుటకు పంచాయతీ ముందుగానే తావు చూపవలెను. మట్టివిగ్రహమైనచో మరింత మేలు.

ఆశ్వయుజ, కార్తికములు

దసరా నవరాత్రులకు పాలకొండ కోటదుర్గమ్మ సన్నిధి కిటకిటలాడును. విజయదశమి పిమ్మటి మంగళవారమున విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ముందునాటి తొలేళ్ళలో అమ్మవారి ప్రసాదముగా పంచు విత్తనములను రైతులు కన్నుల కద్దుకొని గొనిపోవుదురు. దీపావళినాడు పిల్లలు గోగుకట్టెలకు చుట్టిన గుడ్డలను వెలిగించి త్రిప్పుదురు. నాగుల చవితికి ఇంటిల్లిపాదియు పొలముగట్లపై పుట్టలకు పాలు పోయుదురు.

మన తీరమునకు గొప్ప భయము గల కాలమును ఇదియే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను పొరుగున గోపాలపురము వద్ద తీరము దాటినది. అది నవరాత్రుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము వద్ద దాటి విజయనగరము జిల్లాను అతలాకుతలము చేసినది. అప్పటికి విజయదశమి గడచి తొమ్మిది దినములు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున దాటినది; అప్పటికి నవరాత్రులు ఆరంభమైనవో లేదో. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. పలు గ్రామములు దినముల తరబడి దీపములు లేక, నీరు లేక బాధపడినవి.

తిథిని చూచినచో ఈ మూడు తుపానులు మూడు వేర్వేరు దినములలో వచ్చినవి. కార్తెను చూచినచో మూడును చిత్త కార్తె ఆరంభపు దినములలోనే వచ్చినవి. ప్రతి యేట అదే తేదీకి తుపాను వచ్చునని దీని భావము కాదు. అక్టోబరు, నవంబరు మాసములు పొడుగునను ఆ భయము కలదు. కాని గ్రామము సంసిద్ధతకు తిథిని గాక కార్తెను గురుతు పెట్టుకొనవలెనని ఇది చాటుచున్నది. హస్త కార్తె ప్రవేశించు సెప్టెంబరు 27 నాటికి తుపాను ఆశ్రయ భవనపు తాళపుచెవి ఎవరివద్ద నున్నదో తెలియవలెను. విద్యుత్తు లేకున్నను నీరు తోడుటకు జనరేటరు ఏర్పాటు కావలెను. చెట్లను కోయు రంపములు, వృద్ధుల, గర్భిణుల, వికలాంగుల జాబితా సిద్ధముగా నుండవలెను. దసరా పందిళ్ళు వేయువారికి గాలి హెచ్చరిక రాగానే విప్పివేయవలెనని ముందే చెప్పవలెను.

ఇక గోగునార సంగతి. ఇది మన ప్రాంతపు పాత వాణిజ్య పంట. మునుపటికన్న విస్తీర్ణము తగ్గినను నేటికిని కొన్ని గ్రామములలో కలదు. గోగుకట్టలను చెరువులో ఊరవేసినచో నీరు నల్లబడి దుర్గంధము పుట్టును, చేపలు చచ్చును, పశువులు త్రాగలేవు. రైతును నిందించుట వలన ప్రయోజనము లేదు. ఊరవేతకు వేరొక బందను కేటాయించుటయే మార్గము. ఆ తీర్మానము కోతకు ముందే, సెప్టెంబరులోనే కావలెను.

మార్గశిర, పుష్యములు

మార్గశిర లక్ష్మివారములలో స్త్రీలు ఇల్లలికి, ముగ్గులు పెట్టి లక్ష్మీపూజలు చేయుదురు. నిజమైన లక్ష్మి అప్పుడు కళ్ళములలో నుండును. కోతలు, కుప్పలు, నూర్పులు ఈ దినములవి. కోతలవేళ బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో పనలు తడిసి మొలకెత్తును. టార్పాలిన్లు ఎచ్చట లభించునో, ధాన్యము కొనుగోలు కేంద్ర మెప్పుడు తెరచుదురో పంచాయతీ తెలిసికొని చాటింపు వేయించవలెను.

సవర, జాతాపు గ్రామములలో పంట చేతికి రాగానే కొత్తల పండుగలు జరుగును. కొత్తపంటను దేవతకు నివేదింపక ముందు నోట పెట్టరు. అట్టి దినములలో అధికారుల సభలను, శిబిరములను ఆ గ్రామములలో పెట్టుట తగదు. గ్రామపెద్దలను అడిగి దినము నిర్ణయింపవలెను.

పుష్యమున పెద్దపండుగ. మన ముఖ్యమైన పండుగలలో సూర్యుని లెక్కన వచ్చునది సంక్రాంతియే. జనవరి 14, 15 తేదీలు దాటదు. భోగి, సంక్రాంతి, కనుమలకు హైదరాబాదు, చెన్నపట్టణము, విశాఖపట్టణములలో పనిచేయు మన కూలీలు, పడమటి తీరమునకు వేటకు పోయిన మత్స్యకారులలో పలువురు ఇల్లు చేరుదురు. పండుగ పిమ్మట శంబర పోలమాంబ జాతరయు చూచుకొని మరల వెళ్ళుదురు. తక్కిన సంవత్సరమంతయు వారి మాట వినిపింపకయే గ్రామము నడచుచున్నది. రేషను కార్డు, ఓటర్ల జాబితా, పిల్లల చదువు, ఇంటిస్థలము మున్నగు వారి చిక్కులు ఎవరికిని తెలియవు. కావున కనుమ మరునాడో, ఆ పైదినమో గ్రామసభ జరిపినచో ఊరు నిజముగా నిండియున్నప్పటి సభ యగును. వేసవి పనుల పట్టికను ఆ సభలోనే ఆమోదింపవచ్చును.

భోగిమంటలను గడ్డికుప్పలకు దూరముగా వేయించుట మరువరాదు.

మాఘ, ఫాల్గుణములు

రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి శ్రీముఖలింగము, పుణ్యగిరి, ఫాల్గుణ పూర్ణిమకు శ్రీకూర్మమున డోలోత్సవము జనులను ఆకర్షించును. మామిడి, జీడిచెట్లు పూతకు వచ్చును. మినుము, పెసరలు ఇంటికి చేరును. పొలము పని కొంత తగ్గును. వేసవి పనులకు కొలతలు, అంచనాలు, మంజూరులు పొందవలసిన మాసములివి. ఫాల్గుణమున కాగితము పని ముగిసినచో చైత్రమున గునపము నేలకు తగులును. చైత్రమున కాగితము మొదలుపెట్టినచో మృగశిర ముంచుకొని వచ్చును.

రెండు గడుల పట్టిక

ఇంతవరకు చెప్పినదానిని పంచాయతీ కార్యాలయపు గోడపై ఒక పట్టికగా వ్రాయింపవచ్చును. ఎడమ గడిలో ఆ యేటి పండుగలు, తిథులు, తేదీలు వ్రాయవలెను. ఈ గడి ప్రతి ఉగాదికి మారును. కుడి గడిలో కార్తెలు, వానికి ముందు ముగియవలసిన పనులు, బాధ్యుల పేర్లు వ్రాయవలెను. ఇది ఏటేట మారదు. రెండు గడులు ఢీకొనుచోట, అనగా పండుగయు పనియు ఒకే వారమున పడుచోట, పనిని పండుగకు ముందునకు జరుపవలెను గాని వెనుకకు నెట్టరాదు. ఈ ఒక్క నియమమును పాటించినచో పండుగకు వచ్చిన బంధువులకు మంచినీరును, పండుగ వెళ్ళిన పిమ్మట చెరువుకు నీరును దక్కును.

పంచాయతీ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున గత మూడేండ్లలో చెరువు పని ఏ తేదీన ఆరంభమై, ఏ తేదీన ముగిసినది? మృగశిరకు ముందా, తరువాతనా?

2. అమ్మవారి పండుగకు ఎందరు బంధువులు వచ్చుచున్నారు? అందరికి చాలినంత మంచినీరు ఎచ్చటి నుండి లభించును?

3. హస్త కార్తె నాటికి తుపాను సామగ్రి ఎవరి అధీనమున నుండవలెను?

4. సంక్రాంతికి ఇల్లు చేరు వలస కూలీలు పాల్గొనునట్లు గ్రామసభను ఏ దినమున జరుపుదము?

5. గోగు ఊరవేతకు, విగ్రహముల నిమజ్జనమునకు ఏ ఏ బందలను కేటాయింపవచ్చును?